పందెం బండికి పెళ్ళికూతురి ముస్తాబా?

ఈ వ్యాసం చదివితే మా కంచిలి కుర్రాళ్ళు నామీద కోపం తెచ్చుకుంటారు. తెచ్చుకోనివ్వండి. వాళ్ళు చదవకపోయినా వాళ్ళ అమ్మలూ, అక్కలూ, కొత్తగా కాపురానికొచ్చిన పెళ్ళాలూ చదువుతారు కదా, నాకదే చాలు. ఆ మాటకొస్తే నేను మాట్లాడదలుచుకున్నది ముందు వాళ్ళతోనే.

సంగతేమిటంటే, పాత మోటారు సైకిళ్ళ పిచ్చి ఎక్కడెక్కడో తిరిగి మా ఉద్దానానిక్కూడా వచ్చింది. ఇచ్ఛాపురం నించి టెక్కలి దాకా ఏ ఊరు వెళ్ళినా ఒక పాత బుల్లెట్టో, జావావో, ఎజ్డీయో, రాజ్‌దూతో కనపడుతోంది. కొబ్బరితోటల్లో పాకల కింద, జీడిపిక్కల గోదాముల వెనక పాతికేళ్ళుగా కోళ్ళు గుడ్లు పెట్టుకున్న బళ్ళన్నీ ఇప్పుడు బయటికొస్తున్నాయి. సంతోషమే. కాని బయటికొచ్చిన బండి ఆర్నెల్ల తర్వాత ఎలా ఉంటోందో చూశారా? టాంకు నించి మడ్‌గార్డు దాకా అద్దంలాంటి క్రోమియం. దానిమీద బంగారు చారలు. కారు చక్రాలంత లావు టైర్లు. ముందు చక్రానికి వేరే కంపెనీ బండినించి ఊడదీసి తెచ్చిన డిస్క్ బ్రేకు. సైలెన్సరు బదులు ఒక గొట్టం. అది వీధి మొదట్లో మోగితే చివరింట్లో నిద్రపోతున్న పసిపిల్ల ఉలిక్కిపడి లేవాలి. పక్కన నిలబడి ఫోటో దిగి, "రిస్టోర్ చేశామండీ, అచ్చు పెళ్ళికూతుర్లా లేదూ?" అంటారు.

పెళ్ళికూతుర్లాగానే ఉంది. ఎరువు నగలు పెట్టిన పెళ్ళికూతుర్లా.

ముస్తాబు చేసుకోవద్దని నేననడంలేదు. ఎవరి బండి వాళ్ళిష్టం. దాన్ని పునరుద్ధరణ అనకండి, అంతే. ముఖ్యంగా ఆ బండి ఒకప్పుడు పందాల్లో పరుగెత్తిన బండైతే, దయచేసి దాని జోలికి ఆ క్రోమియం బకెట్టు తీసుకుని వెళ్ళకండి.

కంచిలికీ మోటారు సైకిలు పందాలకీ సంబంధమేమిటని అడుగుతారేమో. ఉంది. మా ఊరి ముందునుంచి పోయే ఈ కలకత్తా రోడ్డు, ఇదివరకు ఐదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు పదహారు, దీన్నే పట్టుకుని దక్షిణానికి పోతూ ఉంటే, చెన్నై ఇంకా కొంచెం దూరం ఉందనగా షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడొక విమానాల దిగుడు బాట వేశారు. యుద్ధమయ్యాక విమానాలు పోయాయి, బాట మిగిలింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువాళ్ళు ఆ బాటమీద కార్లకీ, మోటారు సైకిళ్ళకీ పందాలు పెట్టేవారు. దేశం నలుమూలలనించీ కుర్రాళ్ళు వచ్చేవారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలుసిసలు పందెం బాట తయారయ్యాక పందాలు అక్కడికి మారాయి. అంతకుముందు మన దేశంలో మోటారు సైకిలు పందెం అంటే చాలామందికి షోలవరమే. అక్కడ పరుగెత్తిన బళ్ళు ఎక్కువభాగం మామూలు బళ్ళే. శనివారం పందేనికి వెళ్ళి, సోమవారం ఆఫీసుకి తీసుకెళ్ళే బళ్ళు. దీపాలు పీకేసి, మడ్‌గార్డులు విప్పేసి, ఇంజను లోపల ఆకురాయితో గీకి, నంబరు పలక తగిలించి దిగేవారు.

అలాంటిదొకటి ఇప్పుడు కంచిలిలో ఉంది. మా చిన్నాన్నకొడుకు జీడిపప్పు వ్యాపారం చేస్తాడు. మూడేళ్ళ కిందట చెన్నై వేపునించి ఒక రాజ్‌దూత్ 350ని జీడిపప్పు దించి ఖాళీగా వస్తున్న లారీలో తెప్పించాడు. మా మరదలు వారంరోజులు మాట్లాడలేదు. నేను మాత్రం వెళ్ళి చూశాను.

ఈ రాజ్‌దూత్ 350 కథ కొంచెం చెప్పాలి, లేకపోతే తగాదా అర్థంకాదు. "బాబీ" సినిమా పేరుతో జనం పిలిచిన చిన్న రాజ్‌దూత్ కాదిది. జపానులో యమహావాళ్ళు 1973లో ఆర్డీ 350 అని ఒక బండి తీశారు. రెండు సిలిండర్లు, 347 సీసీ, 39 గుర్రాల బలం, ఆరు గేర్లు, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు. దీని ఇంజనులో గాలీ పెట్రోలూ వెళ్ళే దారికి రీడ్ వాల్వులుంటాయి. మీలో హార్మోనియం నేర్చుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, అందులో రేకులు ఎలా లేస్తాయో ఇవీ అలాగే. ఇంజను పీల్చినప్పుడు తెరుచుకుంటాయి, వెనక్కి తోసినప్పుడు మూసుకుంటాయి. పదేళ్ళ తర్వాత, 1983లో, ఎస్కార్ట్స్ కంపెనీ ఈ బండిని రాజ్‌దూత్ పేరుతో మన దేశంలో తయారుచెయ్యడం మొదలుపెట్టింది. మన రోడ్లకీ, మన జేబులకీ తగ్గట్టు దాని పొగరు అణిచారు. మొదట 30న్నర గుర్రాలకి, తర్వాత 27కి బలం తగ్గించారు. ముందు డిస్కు తీసేసి డ్రమ్ము బ్రేకు పెట్టారు. అయినా పెట్రోలు నీళ్ళలా తాగేది. నాలుగు చినుకులు పడితే ఆ బ్రేకు పట్టేదికాదని అప్పటివాళ్ళు ఇప్పటికీ తిడతారు. అటుపక్క వంద సీసీ బళ్ళు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోవడం మొదలెట్టాయి. ఆ దశాబ్దం చివరికల్లా దీని కథ ముగిసింది. ఇవాళ అదే బండి లక్షలు పలుకుతోంది.

అదీ అసలు చిక్కు. దీని "అసలు రూపం" ఏది?

మావాడి స్నేహితులు నలుగురున్నారు. నలుగురివీ నాలుగు మాటలు. ఒకడు జపాను బండిలాగా డిస్కు పెట్టమంటాడు, అదే అసలైన ఆర్డీ అని. ఇంకొకడు ఫరీదాబాదు కంపెనీ గుమ్మంలోంచి బయటికొచ్చిన రోజున ఎలా ఉందో అలా చెయ్యమంటాడు. మూడోవాడికి అవేమీ అక్కర్లేదు, తళతళలాడితే చాలు. నాలుగోవాడు అమ్మెయ్యమంటాడు.

నేను చదివింది బి.ఏ., అందులోనూ చరిత్ర. మోటారు సైకిలు గురించి నాకేం తెలుస్తుందని వాళ్ళ అభిప్రాయం. కాని శాసనం చూడగానే దానిమీద చెయ్యి వెయ్యకుండా ముందు చదవాలని మాకు నేర్పారు. అంచేత నేను ముందు బండిని చదివాను.

ఇంజను అడుగున నూనె వదిలే బోల్టు ఉంటుంది. ఈ బండికి ఆ బోల్టు తలలో అడ్డంగా సూదంత కన్నం ఉంది. దేనికో తెలుసా? పందెంలో ఆ బోల్టు అదురుకి వదులైతే నూనె బాటమీద కారుతుంది. వెనక వచ్చేవాడు దానిమీద జారి పడతాడు. అంచేత కన్నంలోంచి ఇనప తీగె దూర్చి, మెలేసి, పక్కదానికి కట్టెయ్యాలి. మామూలు బండికి ఈ కన్నం ఉండదు. ముందు బ్రేకు పళ్ళెంలో వరసగా గుండ్రటి కన్నాలు కొట్టి ఉన్నాయి, గాలి దూరి చల్లబడ్డానికి. పక్క స్టాండు తగిలించే కమ్మీ రంపంతో కోసేశారు. సిలిండరు లోపల దారులు ఎవరో చేత్తో, ఎంతో ఓపిగ్గా, ఆకురాయితో పెద్దవి చేశారు. గీతలు ఇంకా కనపడుతున్నాయి. ఎర్ర రంగు కింద, టాంకు అంచున, తెల్ల రంగు తొంగిచూస్తోంది.

ఇదంతా ఒక మనిషి చేతివ్రాత. ఆ మనిషి పేరు మనకి తెలియదు. వ్రాత మాత్రం ఉంది.

మావాడు దీన్ని రంగులేసే షెడ్డుకి తీసుకెళ్ళాడు. ఏ ఊరో, ఏ షెడ్డో చెప్పను. అక్కడి మేస్త్రీ మంచివాడే, పనిమంతుడే. బ్రేకు పళ్ళెంలో కన్నాలు చూసి, "ఏటి బాబూ ఇలా పాడుచేసేసినారు? ఫర్లేదులెండి, వెల్డింగెట్టి పూడ్చేస్తాను. ఏటీ కనపడదు. కొత్తదానికీ దీనికీ తేడా తెల్దు" అన్నాడట. నా గుండె గుభేలుమంది. ఏమీ కనపడకుండా చెయ్యడమే మన దేశంలో బాగుచెయ్యడానికి అర్థమైపోయింది! శ్రీకూర్మం వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, గుడి స్తంభాలమీద ఎన్నెన్ని శాసనాలున్నాయో. ఎవరైనా భక్తితో, శుభ్రంగా ఉండాలని, వాటిమీద సున్నం పూసేస్తే పుణ్యం వస్తుందా? ఎన్ని గుళ్ళలో అలా పూసేశారో, తర్వాత చదువుకున్నవాళ్ళు ఎంత కష్టపడి గీక్కోవలసి వచ్చిందో మా మాస్టారు చెబుతూ ఉంటే క్లాసులో నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రావడంలేదు.

నా తీర్పు ఇదీ. వాడుకకి కొన్న బండైతే కంపెనీనించి వచ్చిన రోజు రూపానికి తీసుకురండి. పందెం బండైతే పందెంలో నిలబడ్డ రోజు రూపానికి తీసుకురండి. కన్నాలు ఉండాలి. కోసిన కమ్మీ కోసినట్టే ఉండాలి. దీపం ఉండకూడదు. డ్రమ్ము బ్రేకే ఉండాలి, ఎందుకంటే ఆ కుర్రాడు దాంతోనే భయపడ్డాడు, దాంతోనే గెలిచాడో ఓడాడో. జపాను డిస్కు పెడితే ఈ బండి ఎన్నడూ పుట్టని ఊళ్ళో పుట్టినట్టు దొంగ సర్టిఫికెట్టు ఇచ్చినట్టే.

ఇదేదో నా సొంత చాదస్తమనుకోకండి. పాత బళ్ళవాళ్ళకి ప్రపంచమంతటికీ కలిపి ఫివా అని ఒక సమాఖ్య ఉంది, 1966లో పెట్టారు. వాళ్ళు 2012లో ట్యూరిన్ ప్రణాళిక అని ఒకటి ఒప్పుకున్నారు. పాత కట్టడాలని ఎలా కాపాడుకోవాలో 1964లో వెనిస్‌లో పెద్దలు రాసుకున్న నియమాలే దానికి తల్లి. అంటే ఒక పాత బండికీ ఒక పాత గుడికీ ఒకే న్యాయమన్నమాట. వీలైనంత తక్కువ ముట్టుకో, ముట్టుకున్నది రాసిపెట్టు, రేపు ఇంకొకడు తీసెయ్యాలంటే తీసెయ్యగలిగేట్టు పెట్టు.

మీరు కొందరు ఈపాటికి పేజీ తిప్పేద్దామనుకుంటూ ఉంటారు, ఈ గొడవ మనకెందుకని. ఉండండి. మీకు తెలిసినంత ఈ కుర్రాళ్ళకి తెలియదు. పొందూరు ఖద్దరు మన జిల్లాదే కదా. ఆ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ దవడకి ఉన్న సన్నటి పళ్ళే ఆ నూలుకి ప్రాణం. రేపు ఎవరో వచ్చి, చేప దవడెందుకండీ వాసన, ప్లాస్టిక్ దువ్వెనతో ఏకి, మిల్లు నూలు కలిపి, "పొందూరు" అని ముద్ర వేసి అమ్మితే మీరు కొంటారా? వేళ్ళతో ముట్టుకుని ఇది కాదని చెప్పి లేచొస్తారు. అమ్మమ్మగారి పట్టుచీరలు తీసుకుని డబ్బిచ్చే మనిషి వీధిలో కేకేసుకుంటూ వస్తాడు. అవి కాల్చి జరీలో వెండి తీస్తారు. ఆ చీర ఇచ్చేసి కొన్న స్టీలు డబ్బాని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనే ఇల్లాళ్ళు ఎంతమంది లేరు? బూడితి కంచు గిన్నెకి పైన నికెలు పూత పూయించి షోకేసులో పెట్టినవాళ్ళని చూసి మీరు మూతి తిప్పుకోలేదూ? ఆ మూతి తిప్పడమే నాకు కావాలి. ఇంట్లో కుర్రాడు బండి తెచ్చి నిలబెట్టినప్పుడు ఒక్కసారి అలా మూతి తిప్పండి.

బళ్ళ వ్యవహారం ఆడవాళ్ళది కాదని ఎవరైనా అంటే బియాట్రిస్ షిల్లింగ్ పేరు చెప్పండి. ఇంగ్లండులో ఇంజనీరు ఆవిడ. 1934లో బ్రూక్‌లాండ్స్ బాటమీద తన నార్టన్ బండిని గంటకి 106 మైళ్ళ వేగంతో తిప్పి బంగారు నక్షత్రం గెలుచుకుంది. వంద మైళ్ళు దాటిన ఆడవాళ్ళకి అక్కడ ఆ నక్షత్రం ముగ్గురికే దక్కింది. తనకి కాబోయే మొగుడు కూడా ఆ నక్షత్రం తెచ్చుకుంటేనే పెళ్ళాడతానందని చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, అనగలిగిన మనిషే. యుద్ధంలో విమానం ముక్కు కిందికి వంచితే మెర్లిన్ ఇంజనుకి పెట్రోలు అదుపు తప్పి ఆగిపోతూ ఉంటే, పైలట్లు చచ్చిపోతూ ఉంటే, 1941లో ఈవిడే నడిమధ్య కన్నమున్న ఒక చిన్న లోహపు బిళ్ళ చేయించి పెట్రోలు దారిలో పెట్టించింది. గడ్డాలున్న పెద్దలు కమిటీలు వేసుకుంటూ ఉండగా ఈవిడ బిళ్ళ పెట్టి ఊరుకుంది. ఇల్లాళ్ళకి తెలుసు, ఎక్కడ ఎంత కన్నం ఉండాలో.

ఇహ ఆముదం సంగతి. మీరు నవ్వుతారు గాని, పాత పందెం బళ్ళకి ఇంజను నూనె ఆముదమే. క్యాస్ట్రాల్ అన్న పేరే ఆముదానికి ఇంగ్లీషు పేరైన క్యాస్టర్ నించి వచ్చింది. ఎంత వేడెక్కినా లోహాన్ని విడిచిపెట్టకుండా అంటిపెట్టుకునే గుణం దానిది. ఆ పొగ వాసన ఒకసారి పీల్చినవాడు జన్మలో మర్చిపోడంటారు. మా చిన్నప్పుడు పండగరోజు పొద్దున్నే ముక్కు పట్టుకుని తాగించిన ఆముదాన్ని తల్చుకుంటే నాకు ఆ వాసన మీద అంత మోజు లేదు, అది వేరే సంగతి. కాని దానికీ ఒక పద్ధతుంది. పెట్రోలులో అంత తేలిగ్గా కలవదు, నిలవుంటే విడిపోతుంది. మామూలు నూనె పోసిన ఇంజనులో దీన్ని కలపకూడదు. పందెమయ్యాక లోపల జిగురు పేరుకుంటుంది, విప్పి కడుక్కోవాలి. ఇదంతా తెలియకుండా "పాతకాలం నూనె" అని ఎవరో చెప్పగానే కిరాణా కొట్టులో ఆముదం కొనుక్కొచ్చి పోసేవాళ్ళని ఏం చెయ్యాలి?

పైగా ఇవాళ బంకులో దొరికే పెట్రోలే మారిపోయింది. ఇథనాలు కలుపుతున్నారు, ఇరవై పాళ్ళ దాకా వచ్చింది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు వాషర్లని ఉబ్బేసి చీల్చేస్తుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళలో తేమకి కరువా? అంచేత లోపల రబ్బరు కొత్తదే వెయ్యాలి. ఆ కాలం రూపం అన్నానని ఆ కాలం రబ్బరు వెతుక్కోమని కాదు నా ఉద్దేశం. టైర్లూ అంతే. అదే కొలత, అదే రూపం ఉండాలి, కాని నిన్న మొన్న తయారైనవి ఉండాలి. ముప్ఫయ్యేళ్ళ టైరు మీద పిల్లణ్ణి ఎక్కించేంత వెర్రిదాన్ని కాను. బ్రేకు అట్టల్లో అప్పట్లో రాతినార వేసేవారు, అది ఊపిరితిత్తులకి చేటని ఇప్పుడు తెలుసు. ఇప్పుడు అది లేకుండా చేసినవి దొరుకుతున్నాయి, అవే వెయ్యాలి. అరిగిపోయేవి మార్చుకోండి. అరిగిపోకుండా సాక్ష్యం చెబుతున్నవి మార్చకండి.

సైలెన్సరు మాట కూడా తేల్చేస్తాను. ఈ టూ-స్ట్రోక్ బళ్ళకి పందెం గొట్టం కడుపుతో ఉన్నట్టు మధ్యలో లావై, చివర సన్నబడుతుంది. అందం కోసం కాదు. బయటికి పోయిన పొగ అల ఆ సన్నటి చివర కొట్టుకుని వెనక్కి తిరిగొచ్చి, సిలిండరులోంచి జారిపోబోతున్న కొత్త గాలీ పెట్రోలుని మళ్ళీ లోపలికి నెడుతుంది. అక్కడ ఉంది బలం. మన కుర్రాళ్ళు ఉన్న గొట్టాన్ని కోసేసి, లోపలి సరుకు పీకేసి, చప్పుడొచ్చింది కాబట్టి బలమొచ్చిందనుకుంటారు. ఉన్న బలం కాస్తా పోయింది నాయనా, నీకు మిగిలింది చప్పుడే.

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వస్తాను. మా పెద్దమ్మ అడిగింది, ముఖంమీదే. "ఇంటికొక మనిషి కిడ్నీ జబ్బుతో మంచానపడుతుంటే మీకు పాత బళ్ళ షోకేటే?" అని. ఉద్దానంలో ఈ ప్రశ్నకి తలవంచుకోని మనిషి ఉండదు. పలాసలో 2023లో పెద్ద ఆస్పత్రి తెరిచారు, మంచిదే, కాని రక్తశుద్ధికి వారానికి రెండుమూడుసార్లు తిరిగే ఇళ్ళ బాధ మాకు తెలుసు. జీడితోట తాకట్టు పెట్టి బండి కొనేవాణ్ణి నేను వెనకేసుకురాను. వాడి మీద పెళ్ళాం విసురుకున్న గరిటెకి నా ఆశీస్సులు. కాని లెక్క చూడండి. ఖర్చు ఎక్కడవుతోంది? క్రోమియానికి, పై పై రంగులకి, కొత్త చక్రాలకి, ఎక్కడినించో తెప్పించే డిస్కుకి. ఉప్పుగాలికి ఆ క్రోమియం ఎన్నాళ్ళుంటుంది? మా ఇంట్లో కిటికీ గడియలే చెబుతాయి. కన్నం కన్నంలా వదిలెయ్యడానికి ఎంతవుతుంది? తెల్లరంగు పైనున్న ఎర్రరంగుని నెమ్మదిగా తీసుకోడానికి ఎంతవుతుంది? ఓపిక అవుతుంది. ముస్తాబుకంటే నిజాయితీ చవక, ఈ ఒక్క విషయంలో.

రెండో అభ్యంతరం ప్రాణాలది. 1980ల నాటి డ్రమ్ము బ్రేకు బండి ఇవాళ్టి హైవేమీద, ఆ లారీల మధ్య, తగునా? తగదు. అందుకే దాన్ని హైవేమీదికి తీసుకెళ్ళకూడదంటాను. డిస్కు పెట్టేవాళ్ళ వాదన క్షేమం గురించైతే నేను గౌరవిస్తాను, కాని వాళ్ళు డిస్కు పెట్టి చేసేదేమిటి? ఇంకా వేగంగా పోవడం. కంచిలినించి సోంపేట దాకా ఆ బండిమీద వెళ్ళాల్సిన అవసరం ఎవరికుంది? స్కూటరుంది, ఆటోలున్నాయి. పందెం బండి పందెం బాటమీద, ప్రదర్శనలో, తోటలో నాలుగు గజాలు నడిస్తే చాలు.

ప్రభుత్వం కూడా ఒక ముక్క చెప్పింది, కాని సగమే చెప్పింది. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను అయి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజి గుర్తింపు ఇస్తారు. నంబరులో వీఏ అని అక్షరాలుంటాయి. ఇరవై వేలు కట్టాలి, పదేళ్ళు చెల్లుతుంది. ఊరికే తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనకీ ర్యాలీకీ తీసుకెళ్ళొచ్చు. బాగానే ఉంది. కాని 1983లో పుట్టిన రాజ్‌దూత్‌కి యాభై నిండేది 2033లో. అప్పటిదాకా అది చట్టం దృష్టిలో ఒట్టి ముసలి బండి. ఆ తర్వాతైనా, ఇంజనులో మార్పులు చేసి ఉంటే అసలు రూపం కాదంటుంది చట్టం. మరి షోలవరం కోసం ఆకురాయితో గీకిన ఇంజను? మన దేశంలో పందెం చరిత్ర అంతా ఆ గీతల్లోనే ఉంది. మనవాళ్ళు కొనుక్కొచ్చిన విదేశీ పందెం బళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు, మిగిలినవన్నీ ఇలా ఇంట్లో గీక్కున్నవే. గీకింది అసలు కాదంటే మనకి చరిత్రే లేదన్నట్టు. నిబంధన రాసిన పెద్దలకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇటు కుర్రాళ్ళు పూడ్చేస్తారు, అటు చట్టం పూడ్చమంటుంది.

ఇంతకీ నాకింత తొందరెందుకంటే, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా మీదనించి వెళ్ళింది. కొబ్బరిచెట్లు వేళ్ళతో లేచిపోయాయి, ఏళ్ళ తరబడి పెంచిన జీడితోటలు ఒక్క రాత్రిలో పడుకున్నాయి. కూలిన పాకల కిందనుంచి బయటపడ్డ ఇనుమంతా కిలోల లెక్కన పాత సామానువాడి బండెక్కింది. అప్పుడెవరికీ ఎంచుకునే తీరికా లేదు, మనసూ లేదు. దాంట్లో ఏమేం పోయాయో ఎవరు చెప్పగలరు? ఇనుము పోయినా మనిషి ఉంటే మళ్ళీ చేయించుకోవచ్చు. మనుషులూ పోతున్నారు. కాశీబుగ్గలో ఒక పెద్దాయన, డెబ్భై దాటాయి, పాయింట్ల మధ్య సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం పెట్టి, చక్రం నెమ్మదిగా తిప్పుతూ, కాగితం ఎప్పుడు వదులైతే అప్పుడు నిప్పురవ్వ పుట్టే వేళ అని పట్టేస్తాడు. మీటరూ లేదు, దీపమూ లేదు. ప్లగ్గు విప్పి దాని రంగు చూసి, బిస్కట్టు రంగులో ఉంటే తలూపుతాడు, మసిబొగ్గులా ఉంటే పెట్రోలు ఎక్కువంటాడు, తెల్లగా ఉంటే వెంటనే ఆపమంటాడు. "ఇవన్నీ ఎవరికైనా నేర్పారా బాబాయ్?" అని అడిగాను. "ఎవులికి కావాలమ్మా, అందరికీ ముస్తాబే గదా" అన్నాడు. మావాడు ఒక నోటుబుక్కు కొన్నాడు. ఆదివారాలు వెళ్ళి ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాడు. మా మరదలి అక్షరాలు బాగుంటాయని ఇప్పుడు ఆవిడ చేత రాయిస్తున్నాడు. ఆవిడ మాట్లాడుతోందన్నమాట.

బండిని వెల్డింగుకి ఇవ్వలేదు. నేనూ కాస్త గట్టిగానే అరిచాను లెండి. విప్పేముందు ప్రతి భాగాన్నీ నాలుగు పక్కలనించీ ఫోటో తీశాడు. బోల్టులన్నీ మా మరదలి ఖాళీ ఊరగాయ సీసాల్లో ఉన్నాయి, ఒక్కొక్క సీసామీద ఏ భాగానివో కాగితమ్ముక్క అంటించి. కార్బొరేటరు జెట్ల మీద నంబర్లు రాసుకున్నాడు. ఎర్రరంగు కొంచెం కొంచెంగా తీస్తున్నాడు. టాంకు పక్కన తెల్లటి గుండ్రం బయటపడింది, లోపల ఒక అంకె సగం కనపడుతోంది. ఏడో, ఒకటో.

ఇంకా ఆ పందెం గొట్టాల జత లేదు. అమ్మినవాడు ఊడదీసి మామూలు సైలెన్సర్లు తగిలించాడు. కొత్తగా చేయించొచ్చు, కాని ఆ చేతివ్రాతవి దొరికితే బాగుండునని మావాడి ఆశ. అంచేత, అమ్మా, చెన్నై రోడ్డు పొడుగునా ఎవరింట్లోనైనా అటకమీద, పాత కుంపట్ల వెనకాల, పొట్ట లావుగా, చివర సన్నగా, తుప్పుపట్టిన ఇనప గొట్టాలు రెండు కనిపిస్తే పాత సామానువాడికి వేసెయ్యకండి. అవేమిటో మీ ఇంట్లో పెద్దవాళ్ళని ముందు ఒకసారి అడగండి.